జింగర్మన్స్‌లో మధ్యాహ్నం తిండి: ముందు బ్రెడ్ ఎంచుకోండి, తర్వాతే శాండ్‌విచ్

మిషిగన్‌లోని యాన్ ఆర్బర్‌లో జింగర్మన్స్ డెలికటెసెన్‌కి, అంటే శాండ్‌విచ్‌లు, మాంసాలు, చీజ్‌లు అమ్మే డెలీ దుకాణానికి, మధ్యాహ్నం తినడానికి వెళ్లేవాళ్లు చాలామంది గోడ మీది మెనూ చూసి, మాంసం పేరు పట్టుకుని ఆర్డర్ ఇచ్చేస్తారు. కార్న్‌డ్ బీఫా (ఉప్పునీళ్లలో ఊరబెట్టి ఉడికించిన గొడ్డుమాంసం), పాస్ట్రామీయా (ఊరబెట్టి, మసాలా పట్టించి, పొగ పెట్టినది), టర్కీయా (టర్కీ కోడి) అన్న దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. కానీ ఆ దుకాణానికి ప్రాణం బ్రెడ్. బ్రెడ్ చూసుకుని శాండ్‌విచ్ ఎంచుకుని, చేతికొచ్చిన పది నిమిషాల్లో అక్కడే తింటే పెట్టిన డబ్బుకు ఫలితం దక్కుతుంది. అదే మూట కట్టించుకుని కారులో అదే రాష్ట్రంలోని నోవై దాకా తీసుకెళ్లి విప్పితే, ఇరవై డాలర్లకు దగ్గరగా పెట్టి కొన్న తిండి గ్యాస్ స్టేషన్ శాండ్‌విచ్‌లా తయారవుతుంది. తప్పు వంటవాళ్లది కాదు. వేడి బ్రెడ్‌ని కాగితంలో చుడితే ఎక్కడైనా జరిగేది అదే. ఈ సమీక్ష అంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

దుకాణం కెర్రీటౌన్‌లో ఉంది. ఇటుకలు పరిచిన డెట్రాయిట్ స్ట్రీట్, కింగ్స్‌లీ స్ట్రీట్ కలిసే మూలన, 1902 నాటి ఇటుక భవనం. రైతుల మార్కెట్ అక్కడికి నాలుగడుగులు. పాల్ సాగినా, ఆరీ వైన్‌జ్వైగ్ అనే ఇద్దరు 1982 మార్చి 15న దీన్ని తెరిచారు. న్యూయార్క్, షికాగోల్లోని యూదుల డెలీల పద్ధతి తీసుకున్నా, ఇది కోషర్ దుకాణం, అంటే యూదుల మత ఆహార నియమాలు పాటించేది, కాదు. బేకన్, హామ్ కూడా అమ్ముతారు, బీఫ్ మీద చీజ్ కూడా వేస్తారు. మతపరంగా ఆహార నియమాలు పాటించేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుని వెళ్లాలి.

ఇంత పేరొచ్చాక దేశమంతా శాఖలు తెరిచి ఉండొచ్చు. వాళ్లు ఆ పని చెయ్యలేదు. దానికి బదులు అదే ఊళ్లో, చుట్టుపక్కల, ఒక్కో సరుకుకీ ఒక్కో వ్యాపారం పెట్టారు. 1992లో బేక్‌హౌస్, 2001లో చీజ్ చేసే క్రీమరీ, 2003లో రోడ్‌హౌస్ అనే పెద్ద రెస్టారెంటు వచ్చాయి. కాఫీ వేయించడానికి, మిఠాయిలకి, ఊరూరా పార్సిళ్లు పంపడానికి కూడా వేరువేరు సంస్థలున్నాయి. తినేవాళ్లకి దీని ప్రయోజనం ఏమిటంటే, మీ శాండ్‌విచ్‌లోని బ్రెడ్ అదే ఊళ్లో, ఇదే వ్యాపార కుటుంబానికి చెందిన బేకరీలో కాలినది. బేగెల్ అనే గుండ్రటి చిల్లు రొట్టె మీద రాసే క్రీమ్ చీజ్ కూడా అంతే. కారణం తెలిస్తే ధర కాస్త అర్థమవుతుంది.

మన తెలుగువాళ్లకి ఈ ఊరు దూరమేమీ కాదు. ఈ ఊళ్లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలు సరే, కాంటన్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడ్డ కుటుంబాలెన్నో ఉన్నాయి. 2015లో డెట్రాయిట్‌లోనూ, 2025 జులైలో నోవైలోనూ తానా మహాసభలు జరిగాయి. స్నాతకోత్సవానికో, మహాసభలకో, మనవల్ని చూడ్డానికో వచ్చిన పెద్దవాళ్లని 'అమెరికా తిండి' పేరుతో గొలుసు దుకాణాలకి తీసుకెళ్లే బదులు ఇక్కడికి తీసుకెళ్లడం నయం. కాకపోతే వాళ్లు ఏం తింటారు, ఏం తినరు అన్నది కారెక్కక ముందే తేల్చుకోండి. ఆ వివరాలన్నీ కింద ఉన్నాయి.

ఎప్పుడు వెళ్లాలన్నది పెద్ద ప్రశ్నే. పన్నెండు నుంచి రెండు దాకా వరస గుమ్మం దాటి వీధిలోకి వస్తుంది. శనివారం రైతుల మార్కెట్ జనం తోడవుతారు. విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆట ఊళ్లోనే ఉన్న శనివారమైతే అసలు ఆ వైపు వెళ్లకండి. ఆ స్టేడియం సామర్థ్యం లక్షా ఏడు వేల పైచిలుకు, ఆ జనమంతా ఆటకి ముందో తర్వాతో ఎక్కడో ఒకచోట తినాల్సినవాళ్లే. మామూలు పనిరోజున పదకొండున్నర లోపు గానీ, రెండున్నర దాటాక గానీ వెళ్తే హాయిగా ఉంటుంది. ముందుగా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి వెళ్లి తీసుకోవచ్చు. సమయం కలిసొస్తుంది కానీ రుచి చూసే అవకాశం పోతుంది.

రుచి చూడటాన్ని ఇక్కడ మొహమాటపడి వదులుకోకండి. చీజ్, ఆలివ్ నూనె, సలాడ్, బ్రెడ్ ఏదడిగినా కౌంటర్ అవతలి మనిషి చిన్న ముక్కో, చెంచాడో ఇస్తారు. కొనాలన్న బలవంతం ఉండదు. మన పెద్దవాళ్లు 'ఊరికే ఎలా తింటాం' అని వెనక్కి తగ్గుతారు, వాళ్లకి చెప్పి పెట్టండి. పుల్లటి రై బ్రెడ్ (రై గోధుమ లాంటి ధాన్యం) మీకు నచ్చుతుందో లేదో పెద్ద శాండ్‌విచ్ కొన్నాక తెలుసుకునే కన్నా, ఒక ముక్క నమిలి తెలుసుకోవడం మేలు.

ఇక బ్రెడ్ సంగతి. ఇక్కడ ముఖ్యమైనది జూయిష్ రై. పేరులో రై ఉన్నా పిండిలో ఎక్కువ భాగం గోధుమే. రై పిండిని నీళ్లతో కలిపి పులియబెట్టిన పులుపు ముద్ద దానికి రుచినిస్తుంది. రై పిండిలో గోధుమంత సాగే గుణం ఉండదు, నీళ్లని మాత్రం బాగా పట్టి ఉంచుతుంది. అందుకే ఈ బ్రెడ్ లోపల కాస్త తేమగా, దట్టంగా ఉంటుంది, మీద మాంసమో సలాడో పెట్టినా వెంటనే చితికిపోదు. ఇంకో కిటుకుంది. ముందురోజు మిగిలిన రై బ్రెడ్‌ని నీళ్లలో నానబెట్టి కొత్త పిండిలో కలుపుతారు. పొదుపు కోసం పుట్టిన పాత పద్ధతే అయినా, తేమా రుచీ దానివల్లే పెరుగుతాయి. సూపర్ మార్కెట్‌లో 'రై' అని అమ్మే మెత్తటి బ్రెడ్‌లో ఈ పులుపు ముద్ద తరచుగా ఉండదు, రంగు కోసం కారమెల్, వాసన కోసం కారవే గింజలు మాత్రం ఉంటాయి. మన షాజీరాకి దగ్గరి వాసన గల గింజలవి. ఇక్కడ కారవే వేసిన రై, వెయ్యని రై రెండూ దొరుకుతాయి, ఏది కావాలో అడిగి తీసుకోండి. నల్ల జీలకర్ర వేసి చేసే చెర్నుష్కా రై అని మరొకటి బేక్‌హౌస్ అప్పుడప్పుడు మాత్రమే చేస్తుంది. అది కనిపిస్తే వదలకండి. నల్ల జీలకర్ర వాసన ఎరిగిన నాలుకకి ఇట్టే నచ్చుతుంది.

మెనూలో 'డబుల్ బేక్డ్' అని కొన్ని శాండ్‌విచ్‌ల పక్కన కనిపిస్తుంది. దాన్ని పట్టించుకోండి. బేకరీ నుంచి వచ్చిన బ్రెడ్‌ని ముక్కలు చెయ్యకుండా మళ్లీ ఓవెన్‌లో పెట్టి, పై పెంకు కరకరలాడాక, వేడి మీదే చేత్తో మందంగా కోస్తారు. చల్లారిన బ్రెడ్‌లో పిండి పదార్థం గట్టిపడి నమలడానికి మొండిగా తయారవుతుంది. మళ్లీ వేడి తగిలితే అది సడలి లోపల మెత్తబడుతుంది, పైన మాత్రం పెళుసెక్కుతుంది. యంత్రం మీద పల్చగా కోసిన చల్లటి రైకీ దీనికీ పోలికే లేదు. మొదటిసారి వెళ్లినవాళ్లు గ్రిల్ చేసిన శాండ్‌విచ్ ఒకటి, డబుల్ బేక్డ్ రై మీద చేసింది ఒకటి తీసుకుని ఇద్దరూ సగం సగం పంచుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక్కడి శాండ్‌విచ్‌లకి నంబర్లుంటాయి, వాటి పక్కన వింత పేర్లుంటాయి. దుకాణానికి మొదట అనుకున్న గ్రీన్‌బర్గ్ అనే పేరు అప్పటికే ఇంకొకరిది కావడంతో, 1వ నంబరుకి 'హూజ్ గ్రీన్‌బర్గ్ ఎనీవే' అని పెట్టారు. కార్న్‌డ్ బీఫ్, తరిగిన లివర్, పాలకూర లాంటి లెట్యూస్ ఆకు, రష్యన్ డ్రెస్సింగ్ అనే మయొనీజ్ సాస్, డబుల్ బేక్డ్ రై. లివర్ అలవాటు లేనివాళ్లకి ఇది మొదటి ఎంపిక కాదు. 11వ నంబరు డబుల్ డిప్‌లో ఆలోచన ఉంది: కార్న్‌డ్ బీఫ్, పాస్ట్రామీ రెండు మాంసాలు, రెండు రకాల చీజ్, రెండు రకాల ఆవపిండి సాస్, ఒకవైపు రై, రెండోవైపు పంపర్‌నికెల్ అనే నల్లటి రై బ్రెడ్. అన్నీ జంటలే అయినా బాగుండటానికి కారణం ఆ రెండు బ్రెడ్లు. ఒకదాని పులుపు, ఇంకొకదాని చిరుతీపి ఒకే కొరుకులో దొరుకుతాయి. కానీ ఇద్దరికి సరిపడా ఉప్పు అందులో ఉంది. రక్తపోటు ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి.

అందరూ అడిగేది 2వ నంబరు రూబెన్. 2014 ఏప్రిల్‌లో అప్పటి అధ్యక్షుడు బరాక్ ఒబామా ఊళ్లో ప్రసంగానికి వచ్చి ఇక్కడ తిన్నది ఇదే. కార్న్‌డ్ బీఫ్, స్విట్జర్లాండ్ ఎమెంటల్ చీజ్, సావర్‌క్రౌట్ అనే పులియబెట్టిన క్యాబేజీ, రష్యన్ డ్రెస్సింగ్, గ్రిల్ చేసిన రై. ఎన్నో ఊళ్లలో దొరికే శాండ్‌విచ్ ఇది. ఒమాహావాళ్లు మాది అంటారు, న్యూయార్క్‌వాళ్లు మాది అంటారు. ఎవరిదైనా, దీన్ని పాడుచెయ్యడం చాలా తేలిక. ఎక్కడెక్కడ చెడుతుందో తెలిస్తే ఇక్కడ ఎందుకు బాగుంటుందో తెలుస్తుంది.

మొదటి గండం నీళ్లు. సావర్‌క్రౌట్ అంటే తరిగిన క్యాబేజీని దాని బరువులో రెండు శాతం ఉప్పుతో నలిపి, ఊరిన నీళ్లలోనే ముంచి కొన్ని వారాలు పులియనివ్వడం. వెనిగర్ ఉండదు, పులుపంతా బాక్టీరియా చేసిన లాక్టిక్ ఆమ్లానిది. దాన్ని గట్టిగా పిండకుండా వేస్తే ఐదు నిమిషాల్లో కింది బ్రెడ్ ముద్దయిపోతుంది. మరీ పిండితే పులుపు పోతుంది. రెండోది వేడి. మందపాటి బ్రెడ్‌ని ఎక్కువ మంట మీద పెడితే పైన మాడుతుంది, లోపల చీజ్ కరగదు, మాంసం చల్లగానే ఉంటుంది. మధ్యస్తపు మంట మీద ఓపిగ్గా కాల్చాలి, మాంసం పెనమెక్కే ముందే వేడిగా ఉండాలి. మూడోది మాంసం కోత. బ్రిస్కెట్ అనే ఛాతీ భాగపు పీచు పొడుగ్గా ఉంటుంది. పీచుకి అడ్డంగా కోస్తే నోట్లో విడిపోతుంది, పీచు వెంట కోస్తే తాడులా సాగుతుంది. కొవ్వు అస్సలు వద్దని అడిగేవాళ్లుంటారు. కొంచెం కొవ్వు లేకపోతే వేడి మీద ఆ మాంసం పొడిబారి గడ్డిలా తయారవుతుంది. ఇక రష్యన్ డ్రెస్సింగ్: మయొనీజ్, టమాటా తీపి, కాస్త ఘాటు. ఇది ఎక్కువైతే క్రౌట్ పులుపుని తినేస్తుంది. జింగర్మన్స్‌లో ఈ నాలుగూ అదుపులో ఉంటాయి. తూకం ఎప్పుడూ మాంసం వైపే కాస్త మొగ్గుతుంది, నాకైతే ఇంకొంచెం క్రౌట్ ఉంటే బాగుండేదనిపిస్తుంది. అడిగితే వేస్తారు, అడగండి.

బీఫ్ తిననివాళ్లకి జార్జియా రూబెన్ ఉంది. అందులో బీఫ్ బదులు టర్కీ, సావర్‌క్రౌట్ బదులు కోల్‌స్లా అనే మయొనీజ్ కలిపిన క్యాబేజీ తురుము. రుచిలో రూబెన్ కన్నా మెత్తన, తీపి ఎక్కువ, పులుపు తక్కువ. మన నోటికి చప్పగా అనిపిస్తుంది. కోల్‌స్లా ఉంచి, పక్కన ఘాటు ఆవపిండి సాస్ అడిగి తీసుకుంటే ఆ లోటు తీరుతుంది. ఒక హెచ్చరిక: ఇలాంటి చోట్ల గ్రిల్ చేసే పెనం అన్ని మాంసాలకీ ఒకటే ఉంటుంది. బీఫ్ తగిలిన పెనం కూడా వద్దనుకునేవాళ్లు గ్రిల్ చెయ్యని శాండ్‌విచ్, అంటే డబుల్ బేక్డ్ రకం, తీసుకోవాలి. కత్తి, చెక్క మార్చమని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. చేసేశాక చెప్తే ఉపయోగం లేదు. ఆర్డర్ తీసుకునేవాళ్లు అలాంటి మాటలు ఓపిగ్గా విని రాసుకుంటారు, ఇక్కడి సేవకి పేరొచ్చింది అందుకే.

శాకాహారుల విషయంలో మాట దాచను: ఇది మాంసం దుకాణమే, వాళ్లకి జాగా చిన్నదే. మెనూలో మాంసం లేని శాండ్‌విచ్‌లు కాలాన్ని బట్టి మారుతుంటాయి, బోర్డు చూడాల్సిందే. అయితే వాటికన్నా నమ్మకమైన దారి ఒకటుంది. మీ శాండ్‌విచ్ మీరే చెప్పి కట్టించుకోండి. నేను చెప్పేది ఇదీ: డబుల్ బేక్డ్ రై, పిమెంటో చీజ్, టమాటా, లెట్యూస్, ఘాటు ఆవపిండి సాస్. పిమెంటో చీజ్ అంటే ముదిరిన చెడార్ తురుము, కారం లేని ఎర్ర మిరపకాయ ముక్కలు, మయొనీజ్, మిరియాలు, ఎర్ర కారప్పొడి కలిపి చేసే అమెరికా దక్షిణాది పూత. కారం తెలిసిన అమెరికన్ తిండి కాబట్టి మనవాళ్లకి వెంటనే పడుతుంది. దీన్ని గ్రిల్ చేయించకండి. మయొనీజ్ వేడికి విడిపోయి నూనె కారుతుంది.

గుడ్డు కూడా తినని శాకాహారులకి ఇంకా జాగ్రత్త కావాలి. మయొనీజ్‌లో గుడ్డు ఉంటుంది కాబట్టి పిమెంటో చీజ్, కోల్‌స్లా, రష్యన్ డ్రెస్సింగ్ మూడూ పోతాయి. జడలా అల్లిన చల్లా బ్రెడ్‌లో గుడ్డుంటుంది. బ్రౌనీల్లో గుడ్డుంటుంది. సంప్రదాయ ఎమెంటల్ చీజ్‌ని దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో గడ్డకట్టిస్తారు. కొన్ని సాసుల్లో వోర్సెస్టర్‌షైర్ కలుపుతారు, అందులో చేపలుంటాయి. మాట్జో బాల్ సూప్ పేరు చూసి పిండి ఉండల చారనుకునేరు, అది కోడి మాంసం చారు, ఉండల్లో గుడ్డు కూడా ఉంటుంది. ఇక మిగిలేదేమిటంటే బేగెల్ మీద క్రీమరీవాళ్ల క్రీమ్ చీజ్, టమాటా, ఉల్లిపాయ. లేదా ఫార్మ్ బ్రెడ్ మీద మీరు రెన్నెట్ సంగతి అడిగి ఎంచుకున్న చీజ్, ఆవపిండి సాస్, కాయగూరలు. ఆ క్రీమ్ చీజ్ దుకాణాల్లో వెండి కాగితంలో వచ్చే దానిలా జిగురు కలిపి గట్టిపరిచినది కాదు, పల్చగా, పుల్లగా, తాజా పెరుగు మీగడ రుచితో ఉంటుంది. పేరుకి చిన్న భోజనమే కానీ లోటేమీ ఉండదు.

ప్రతి శాండ్‌విచ్‌తో దోసకాయ పికిల్ ఒకటి వస్తుంది. 'ఓల్డ్' కావాలా, 'న్యూ' కావాలా అని అడుగుతారు. మనకి కొత్తావకాయ, పాతావకాయ ఎలాగో ఇవీ అంతే. న్యూ అంటే ఉప్పునీళ్లలో కొద్దికాలమే ఊరి, ఆకుపచ్చగా, కరకరలాడుతూ, దోసకాయ వాసన పోనిది. ఓల్డ్ అంటే బాగా ఊరి, రంగు మారి, వెల్లుల్లి పట్టి, పుల్లగా మెత్తబడినది. రూబెన్‌లో ఇప్పటికే పులుపుంది కాబట్టి దాని పక్కన న్యూ బాగుంటుంది. టర్కీ, చీజ్ శాండ్‌విచ్‌లకి ఓల్డ్. ఇద్దరు వెళ్తే రెండూ తీసుకోండి.

సలాడ్లు గాజు అరలో పళ్లాల్లో ఉంటాయి, పౌండ్ల లెక్కన తూచి ఇస్తారు. పావు పౌండ్ అంటే 113 గ్రాములు, ఒకరికి పక్కన నంజుకోవడానికి సరిపోతుంది. అర పౌండ్ ఇద్దరికి. పౌండ్ ధర చూసి బెదిరిపోకండి, ధర చూడకుండా పెద్ద డబ్బా నింపించుకోకండి కూడా. ఆలుగడ్డ సలాడ్, కోల్‌స్లా, చికెన్ సలాడ్ లాంటివి, వాటితో పాటు ధాన్యాలవీ కాయగూరలవీ మారుతూ వస్తుంటాయి.

వీటి మీద నా అభిప్రాయం శాండ్‌విచ్‌ల మీద ఉన్నంత గొప్పగా లేదు. మయొనీజ్ కలిపిన సలాడ్లకి గడియారం ఉంటుంది. ఉప్పు తగిలిన క్యాబేజీ నీరు వదులుతూనే ఉంటుంది కాబట్టి పొద్దున కలిపిన కోల్‌స్లా మధ్యాహ్నం మూడింటికి అడుగున నీళ్లతో ఉంటుంది. ఇది ఏ డెలీలోనైనా తప్పనిది. అందుకే అరలో చూసేటప్పుడు పళ్లెం అంచున నీరు చేరిందేమో చూసి, చేరితే వేరేది అడగండి. ఆలుగడ్డ సలాడ్‌కి ఆ బెడద తక్కువ. ఆలుగడ్డ వేడిగా ఉన్నప్పుడే పులుపు పీల్చుకుంటుంది, చల్లారాక కలిపితే పైపైనే ఉండిపోతుంది, కాబట్టి రుచి చూసినప్పుడు ముక్క మధ్యలోకి రుచి దిగిందో లేదో గమనించండి. ధాన్యాల సలాడ్లు, పప్పు దినుసుల సలాడ్లు అరలో నిలవున్నా చెడవు, పైగా బాగుపడతాయి. మధ్యాహ్నం ఆలస్యంగా వెళ్లినవాళ్లు వాటి జోలికే పోవాలి. ఆకుల సలాడ్ తీసుకుంటే డ్రెస్సింగ్ విడిగా అడగండి. పులుపూ ఉప్పూ తగిలిన ఆకు పది నిమిషాల్లో వాడిపోతుంది, మీరింకా కూర్చునే చోటు వెతుక్కుంటూ ఉంటారు.

కూర్చునే చోటు నిజంగానే వెతుక్కోవాలి. అసలు దుకాణం చిన్నది, లోపలంతా చీజ్‌లు, నూనెలు, డబ్బాలు. పక్కనే 'నెక్స్ట్ డోర్' అనే పాత ఇల్లుంది. కాఫీ, మిఠాయిలు అక్కడే అమ్ముతారు, తినడానికి బల్లలు కూడా అక్కడే ఎక్కువ. బయట ఆరుబయట బల్లలుంటాయి. మిషిగన్ చలిలో వాటి ఊసెత్తకూడదు. ఇద్దరు వెళ్లినప్పుడు ఒకరు ఆర్డర్ వరసలో, ఒకరు నెక్స్ట్ డోర్‌లో బల్ల దగ్గర ఉంటే శాండ్‌విచ్ వేడి చల్లారదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని వరసలో నిలబెట్టే పని లేదు, ముందే అక్కడ కూర్చోబెట్టండి.

లెక్క విషయానికొస్తే, మిషిగన్‌లో వండిన తిండి మీద ఆరు శాతం పన్ను. బోర్డు మీద 20 డాలర్లంటే చేతిలోంచి వెళ్లేది 21 డాలర్ల 20 సెంట్లు. శాండ్‌విచ్ పెద్దది. చిన్న సైజు ఉందేమో అడిగి, ఉంటే అదే తీసుకోండి. తిండి తగ్గిన పెద్దవాళ్లిద్దరికి ఒక శాండ్‌విచ్, అర పౌండ్ సలాడ్, రెండు పికిల్స్ చాలు. తలా ఒకటి కొని సగం పారేసే కుటుంబాలే ఈ చోటుని మరీ ఖరీదని తిట్టుకునేది. మిగిలిన తిండి గురించి ఒక మంచి సంగతి చెప్పాలి. 1988లో ఈ దుకాణంవాళ్లే ఫుడ్ గ్యాదరర్స్ అనే సంస్థని మొదలుపెట్టారు. హోటళ్లలో, దుకాణాల్లో మిగిలిన మంచి తిండిని సేకరించి లేనివాళ్లకి చేర్చే పని అది. ఇప్పటికీ ఈ ఊరున్న కౌంటీలో నడుస్తోంది.

తీపి తినాలంటే బ్లాక్ మ్యాజిక్ బ్రౌనీ ఒకటి నలుగురికి. గట్టి చాక్లెట్, తడిగా ఉంటుంది. గుడ్డు వద్దనుకునేవాళ్లు క్రీమరీ జెలాటో (ఇటలీ తరహా ఐస్‌క్రీమ్) రకాల్లో ఏది గుడ్డు లేకుండా చేస్తారో అడిగి తీసుకోవచ్చు. కాఫీ వాళ్లే వేయించినది, బాగుంటుంది. మన ఫిల్టర్ కాఫీ చిక్కదనం మాత్రం ఆశించకండి.

రూబెన్ ఇంటికి తీసుకెళ్లాలనే ఉంటే కట్టిన శాండ్‌విచ్ వద్దు. బ్రెడ్, మాంసం, చీజ్, క్రౌట్, డ్రెస్సింగ్ విడివిడిగా తూయించి కొనుక్కోండి. దూర ఊళ్లవాళ్లకి వాళ్ల మెయిల్ ఆర్డర్ విభాగం ఇలాగే విడి సరుకుల కిట్‌గా పంపుతుంది. ఇంట్లో మాంసాన్ని చెంచా నీళ్లు చిలకరించి, రేకు కాగితంలో చుట్టి ఓవెన్‌లో వేడి చెయ్యండి. క్రౌట్ పిండి, చిన్న గిన్నెలో వెచ్చ చెయ్యండి. బ్రెడ్ రెండు ముక్కలకీ బయటివైపు వెన్న రాసి, లోపలివైపు రెండిటి మీదా చీజ్ పరచాలి. ఒకవైపే పరిస్తే రెండోవైపు తడి దిగుతుంది. చీజ్ కొవ్వు బ్రెడ్‌కి గొడుగు. మధ్యలో మాంసం, దాని మీద క్రౌట్, డ్రెస్సింగ్ ఒక చెంచా మించకుండా. మధ్యస్తపు మంట మీద ఒక్కోవైపు నాలుగైదు నిమిషాలు, మొదటివైపు కాలేటప్పుడు మూత పెట్టి, రెండోవైపు తీసేసి. తియ్యగానే కొయ్యకుండా ఒక నిమిషం జల్లెడ లాంటి తీగ మీద ఉంచండి. పళ్లెంలో పెడితే అడుగున ఆవిరి చేరి మెత్తబడుతుంది.

తిరిగొచ్చేటప్పుడు ఒక రై బ్రెడ్ చెక్కు చెదరకుండా కొనుక్కోండి, ముక్కలు కోయించకండి. ఇంట్లో కోసుకున్నాక మిగిలింది కాగితం సంచిలోనే, కోసిన ముఖం కిందికి పెట్టి, బల్ల మీద ఉంచితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి పిండి గట్టిపడటం ఇంకా వేగమవుతుంది. ఎక్కువ రోజులు ఉంచాలంటే గాలి చొరకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టడమే సరి. తినే రోజు బయట పెట్టి పూర్తిగా కరగనిచ్చి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో ఇరవై నిమిషాలు నేరుగా కమ్మీ మీద పెట్టండి. పెంకు మీద వేలితో కొడితే బోలుగా మోగాలి. ఐదు నిమిషాలాగి, రంపపు పళ్ల కత్తితో వేలెడు మందాన కోసుకోండి.